బ్రూసెల్లా ఐజీఎం నెగటివ్, ఐజీజీ పాజిటివ్ వస్తే అది పాత జబ్బేనా?

గుణుపురం దగ్గర మీ బావగారికి నెల పైనుంచి సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి చెమటలు, నడుం నొప్పి అని రాశారు. ఎలైజా అనే రక్త పరీక్ష రిపోర్టులో, పశువుల నుంచి మనుషులకు అంటుకునే బ్రూసెల్లా క్రిమిని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే రెండు రకాల యాంటీబాడీల్లో ఐజీఎం నెగటివ్, ఐజీజీ పాజిటివ్ వచ్చిందట. అది పాత ఇన్ఫెక్షన్ అని ఎవరో చెప్పారు, వదిలేయవచ్చా, ఇంట్లో ఆవు సంగతి ఏం చేయాలి అని అడిగారు. ఇన్ని లక్షణాలు కనిపిస్తుంటే ఆ ఒక్క కాగితాన్ని చూసి వదిలేయకండి.

నేను డాక్టర్ని కాను. మాది పర్లాకిమిడి. మా నాన్నగారికి ఇదే జబ్బు వచ్చింది. చూడి ఆవు నెలలు నిండకుండానే ఈసుకుపోతే, మాయ పడలేదని ఆయన ఒట్టి చేతులతో తీశారు. కొన్ని వారాలకు జ్వరం పట్టుకుంది. మలేరియా లేదన్నారు. వైడల్ పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ మందులిచ్చారు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. నడుం నొప్పి ఎక్కువయ్యాక వెన్నులో టీబీ ఏమోనన్నారు. చివరికి బరంపురంలో ఒక డాక్టరు గారు, "ఇంట్లో పశువులున్నాయా? ఏదైనా ఈసుకుపోయిందా?" అని ఒడియాలో అడిగారు. అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మీరు మాత్రం డాక్టరు అడిగేదాకా ఆగకండి. పశువుల సంగతి, పచ్చి పాలు తాగే అలవాటు ఉంటే అదీ ముందే చెప్పండి.

ఇప్పుడు మీ రిపోర్టు సంగతి. ఈ క్రిమి ఒంట్లోకి వచ్చిన మొదటి వారంలో ఐజీఎం యాంటీబాడీలు పుడతాయి. రెండో వారం దాటాక ఐజీజీ పెరుగుతుంది. కానీ బ్రూసెల్లా రక్తంలో తిరిగి పోయే రకం కాదు. ప్లీహం, కాలేయం, ఎముక మజ్జలలోని కణాల లోపలే దాక్కుంటుంది. జబ్బు ముదిరినా, ఒకసారి తగ్గి తిరగబెట్టినా ఐజీఎం కనిపించకుండా ఐజీజీ ఒక్కటే ఎక్కువగా ఉండవచ్చు. పూర్తిగా నయమైనవాళ్ళలో కూడా ఐజీజీ నెలల తరబడి, కొందరిలో ఏడాది దాటినా ఉంటుంది. ఈ రెంటినీ కాగితం విడదీసి చెప్పలేదు. మనిషికి ఇప్పుడు ఏముంది, పశువులతో ఎలా మెలిగాడు అన్నదే విడదీస్తుంది.

అందుకే ట్యూబ్ అగ్లుటినేషన్ టెస్టు కూడా చేయించమని అడగండి. 1897లో ఆల్మ్రోత్ రైట్ అనే బ్రిటిష్ డాక్టరు ఈ జబ్బుకు వాడిన పద్ధతి ఇదే, ఇప్పటికీ పనికొస్తోంది. రోగి సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే పసుపు నీరు) ట్యూబు ట్యూబుకూ సగానికి సగం పలచన చేస్తూ, చంపిన బ్రూసెల్లా క్రిములతో కలుపుతారు. ఎంత పలచన చేసినా క్రిములు గుంపు కడుతున్నాయంటే యాంటీబాడీలు అంత ఎక్కువన్నమాట. లక్షణాలతో పాటు 1:160 (నూట అరవై వంతు పలచన) గానీ అంతకు మించి గానీ వస్తే గట్టిగా అనుమానిస్తారు. రెండు వారాల తర్వాత తీసిన రెండో శాంపిల్‌లో అది నాలుగు రెట్లు పెరిగితే ఇప్పటి జబ్బేనని తేలుతుంది. జబ్బు ముదిరాక అలా పెరగకపోవచ్చు, కాబట్టి పెరగలేదని జబ్బు లేదనుకోకండి.

ఇక్కడే ఇంకో చిక్కు. నాన్నగారి సీరాన్ని మొదట ఒక ల్యాబులో 1:80 వరకే చూసి నెగటివ్ అన్నారు. బరంపురంలో ఇంకా పలచన చేస్తూ పోతే 1:640 దగ్గర స్పష్టంగా గుంపు కట్టింది. యాంటీబాడీలు మరీ ఎక్కువగా ఉంటే చిక్కటి సీరంలో క్రిములు ఒకదానికొకటి అంటుకోవు. దీన్ని ప్రోజోన్ అంటారు. ఎంతవరకు పలచన చేశారో ల్యాబులో తప్పక అడగండి. దీనికి ఉల్టా కూడా ఉంది. యెర్సీనియా ఎంటెరోకొలిటికా ఓ:9 లాంటి వేరే క్రిముల వల్ల కూడా ఈ టెస్టు పాజిటివ్‌గా కనిపించవచ్చు.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్‌కి (రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) కూడా రక్తం ఇవ్వగలిగితే మంచిది. క్రిమి పెరిగితే సందేహమే ఉండదు. బ్రూసెల్లా అనుమానం ఉందని ల్యాబువాళ్ళకు చెప్పడం మరవకండి. కల్చర్ ప్లేటు నుంచి గాలి ద్వారా వాళ్ళకూ అంటుకుంటుంది.

మందుల సంగతి డాక్టరే చెప్పాలి. మామూలుగా డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి ఆరు వారాలు ఇస్తారు. లేదా రిఫాంపిసిన్ బదులు మొదటి రెండు మూడు వారాలు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు ఉంటాయి. టీబీ మందుల్లోనూ రిఫాంపిసిన్ ఉంటుంది కనుక, టీబీ అనుకుని వాడినా కొన్నాళ్ళు తగ్గినట్టు అనిపిస్తుంది, దాంతో అసలు జబ్బు మరుగున పడిపోతుంది. కోర్సు అయిపోయాక నాన్నగారికి ఐజీజీ ఇంకా పాజిటివ్ వస్తే అమ్మ చాలా టెన్షన్ పడింది. జ్వరం లేదు, బరువు పెరుగుతున్నాడు, యాంటీబాడీల అంకె మెల్లగా దిగుతోంది, మళ్ళీ మందులు అక్కర్లేదన్నారు డాక్టరు గారు. జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే అని, జ్వరం వస్తే మాత్రం వెంటనే రమ్మన్నారు.

ఆవు గురించి కూడా అడిగారు కదా. దాని రక్తాన్ని పశువుల ఆసుపత్రిలో పరీక్షకు ఇవ్వండి. ఫలితం వచ్చేదాకా పాలు బాగా కాచి మాత్రమే వాడండి. మళ్ళీ ఈనేటప్పుడు గ్లవ్స్ లేకుండా ఎవరూ చెయ్యి పెట్టకండి. పెయ్య దూడలుంటే నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒక్కసారి టీకా వేయిస్తే చాలు. 2019లో మొదలైన కేంద్ర పథకం కింద అది ఉచితం. అది బతికున్న క్రిములతో చేసిన టీకా, సూది గుచ్చుకుంటే మనిషికీ జబ్బు రావచ్చు కాబట్టి సొంతంగా వేయకుండా పశువుల డాక్టరు చేతే వేయించండి.