బోర్డు మీది రాతను ఇంగ్లీషులో చెప్పేటప్పుడు 'సేస్' అనాలా, 'రీడ్స్' అనాలా?

రాతలోని మాటలను ఉన్నవి ఉన్నట్టు ఎత్తి చెప్పేటప్పుడు 'సేస్', 'రీడ్స్' రెండూ సరైనవే గాని, 'దట్' చేర్చి సారాంశం చెప్పేటప్పుడు 'సేస్' వాడాలి. 'రీడ్స్' అక్షరాలా కనబడే పదాలను సూచిస్తుంది కనుక దాని వెంట ఆ పదాలే రావాలి. స్టేషన్‌లోని బోర్డు గురించి 'ద సైన్ రీడ్స్ "నో స్మోకింగ్"' అనవచ్చు. అదే విషయాన్ని సొంత మాటల్లో చెబితే 'ద సైన్ సేస్ దట్ స్మోకింగ్ ఈజ్ నాట్ అలౌడ్' అనాలి, అక్కడ 'రీడ్స్' కుదరదు. 'స్టేట్స్' కూడా 'దట్'తో వస్తుంది గాని, అది చట్టాలకూ నివేదికలకూ తగిన మాట, చిన్న చీటీకి బరువెక్కువ. బోర్డుకు నోరు లేదు కాబట్టి 'సేస్' తప్పని భావించి చాలామంది 'ఇట్ ఈజ్ రిటెన్ ఇన్ ద బోర్డ్' అని రాస్తారు. ఉత్తరానికైనా, పత్రికకైనా, చివరికి గడియారానికైనా 'సేస్' వాడటం ఇంగ్లీషులో మామూలే, పైగా వారు రాసే ఆ 'రిటెన్' వాక్యంలో 'ఇన్' బదులు ఉండవలసింది 'ఆన్'.