లాస్ కొలీనాస్‌లో ఒకప్పుడు నిజంగానే ఆవులు మేసేవా?

"లాస్ కొలీనాస్ అంతా ఒకప్పుడు పశువుల రాంచ్, అంటే పశువుల్ని మేపే పెద్ద జాగా అంటారు, నిజమేనా? ఆ కంచు గుర్రాల కోసం అల్లిన కథా?" అని ఒకరు అడిగారు. టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్ ఊళ్లో ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు ఉన్న పేట అది, అక్కడ కంచు గుర్రాల బొమ్మలుంటాయి. రాంచ్ సంగతి నిజమేనండీ. పదేళ్లు అక్కడే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాను, మొదట్లో నాకూ ఇదే అనుమానం.

1928లో జాన్ కార్పెంటర్ అనే ఆయన ఇర్వింగ్ దగ్గర భూమి కొన్నాడు. భార్య ఫ్లాసీ దానికి స్పానిష్‌లో 'గుట్టల మీది చిన్న రాంచ్' అని పేరు పెట్టింది. పేరుకే చిన్నది, కొంటూ పోతే వేల ఎకరాలయింది. గుట్టలంటారా, మన వైపు అయితే మెరక అని ఊరుకుంటాం.

కొడుకు బెన్ హయాంలో పక్కనే డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్-ఫోర్ట్ వర్త్) ఎయిర్‌పోర్ట్ ఖాయమైంది. ఇక అక్కడ మేత సాగేది కాదు. చాలామంది చేసినట్టు ముక్కలు చేసి అమ్మకుండా, ఆయనే ఊరంతా గీయించి 1973లో ప్లాన్ బయటపెట్టాడు. మరుసటి జనవరిలోనే ఎయిర్‌పోర్ట్ తెరిచారు. ఆఫీసులు రావడానికి అసలు కారణం అదే అని నా లెక్క. 1980లలో టెక్సస్ రియల్ ఎస్టేట్ కుప్పకూలినప్పుడు వీళ్లకూ గట్టి దెబ్బే తగిలింది.

గుర్రాలు రాబర్ట్ గ్లెన్ చేసినవి, మొత్తం తొమ్మిది, అసలు గుర్రానికి ఒకటిన్నర రెట్లు. డెక్క పడిన చోటల్లా నీళ్లు చిమ్ముతుంటాయి, నిజంగానే వాగు దాటుతున్నట్టు. మా నాన్న వచ్చినప్పుడు తీసుకెళితే చుట్టూ తిరిగి చూసి, "మేసింది ఆవులైతే బొమ్మలు గుర్రాలకా?" అన్నారు. ఏం చెప్పను!

ఇప్పుడు ఉత్తరాన ఇల్లు కొన్నాం, మా కాలనీ పేరు చివరా 'రాంచ్' ఉంది. కొన్న కొత్తలో ఎదురుగా కంచె లోపల ఏడు ఆవులుండేవి. కోట్ల ఖరీదు చేసే జాగాలో ఆవులేమిటా అనుకునేవాణ్ణి. పన్ను సంగతి తర్వాత తెలిసింది: పశువులు మేస్తున్నంత కాలం మార్కెట్ రేటు మీద కాకుండా వ్యవసాయ భూమి లెక్కన కడితే చాలు. వాడకం మారిస్తే మాత్రం గత మూడేళ్ల తేడా కట్టాలి. 2019కి ముందు ఐదేళ్లది.

నిరుడు ఒక సోమవారం చూస్తే ఆవుల్లేవు. కంచెకి మోడల్ హోమ్ (కొనేవాళ్లకి చూపించే నమూనా ఇల్లు) బోర్డు కట్టి ఉంది.