1930ల హైదరాబాద్ నాయిక ‘పెళ్లి వద్దు’ అంటే పాఠకులు నమ్ముతారా?

నమ్ముతారు, కానీ కాదన్నాక ఆమెను ఎవరు పోషిస్తారో ముందే తేల్చుకోండి. చాలా చారిత్రక ప్రేమ నవలలు బెడిసికొట్టేది ఇక్కడే. కోఠీ మహిళా కళాశాల 1924లోనే మొదలైంది కాబట్టి టీచరుద్యోగం ఆశ పెట్టవచ్చు; అయితే చదివించే తండ్రో అన్నో ఉండాలి.

చట్టాలతో జాగ్రత్త. బాల్యవివాహాలను అడ్డుకునే 1929 శారదా చట్టం బ్రిటిష్ ఇండియాది, నిజాం రాజ్యంలో నాయిక దాన్ని అడ్డుపెట్టుకోలేదు. మారుమనువు ఆచారమున్న కులాల్లో భర్తను వదిలేసే దారి ఉండేది. అగ్రకులాల ఆడవాళ్లకు అది లేదు. విడాకులకు వీలిచ్చిన హిందూ వివాహ చట్టం 1955లో గాని రాలేదు. ముస్లిం నాయికైతే మెహర్ (పెళ్లిలో భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము), ఖులా (భార్య కోరి తీసుకునే విడాకులు) ఉన్నాయి. ఖులా అడిగితే మెహర్ వదులుకోవాల్సి రావచ్చు, కథకు మంచి ముడి!

ఇక కోరిక. 1970ల ఆంగ్ల చారిత్రక ప్రేమ నవలలు కొన్ని బలవంతాన్ని కూడా ప్రేమగా చూపాయి, నాయిక కోరికను ఒప్పుకోకపోవడమే మర్యాద అన్నట్టు. ఇప్పటివాళ్లు ఆమె ఇష్టాన్ని ముందు పెడుతున్నారు, పెళ్లిని బేరంగా రాస్తున్నారు. అలాగని ఆమె నోట ఈనాటి స్త్రీవాద ఉపన్యాసం పెట్టకండి. ఉత్తరం దాచుకోవడం, సంబంధం వాయిదా వేయించడం, పుట్టింటి నగలు తన దగ్గరే ఉంచుకోవడం చాలు.