మరో లోకానికి వెళ్లే పిల్లల కథలో మాంత్రికుడిపై జాలి కలిగేలా రాయడం ఎలా?

మాంత్రికుడిని చూసి పిల్లలు జాలిపడాలి, అయినా అతను చేస్తున్నది తప్పని వాళ్లకు తెలియాలి, అందుకని ఒక అధ్యాయమంతా అతని చిన్ననాటి కష్టాలు రాశాను అన్నారు. ముందు ఆ అధ్యాయం తీసేయండి. బడిలో పిల్లలకు ఏళ్లుగా కథలు చెబుతున్నాను. ఎప్పుడో పడిన కష్టాలు ఏకరువు పెడితే వాళ్లు పక్కవాడితో మాటల్లో పడతారు. ఇప్పుడు అతనికి ఏం కావాలో తెలిస్తే మాత్రం కదలరు.

బాలనాగమ్మ కథ చెప్పినప్పుడు మాయల ఫకీరు చచ్చాడంటే ఎవరూ బాధపడరు. అతని ప్రాణం దాచిన చిలక కోసం ఏడ్చే పిల్లలు మాత్రం ప్రతి తరగతిలోనూ ఉంటారు. "చిలక ఏం చేసింది సార్?" అని అడుగుతారు. జాలి వాళ్లలో బోలెడంత ఉంది, దాన్ని మాంత్రికుడి దాకా తీసుకెళ్లడమే మన పని.

నేను అల్లిన ఒక కథ చెబుతాను. నంద్యాల జిల్లాలో సప్తనదీ సంగమేశ్వరం ఉంది కదా, అక్కడి వేపదారు (వేప చెక్క) శివలింగం ఉన్న గుడి ఏడాదిలో ఎక్కువ కాలం శ్రీశైలం జలాశయంలో మునిగే ఉంటుంది. వేసవిలో నీళ్లు తగ్గేకొద్దీ ముందు శిఖరం, తర్వాత గుడి బయటపడతాయి. వరద వస్తే మళ్లీ మునుగుతుంది. మరో లోకానికి ఇంతకన్నా మంచి తలుపు ఎక్కడ దొరుకుతుంది? ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో నేను కల్పించనక్కర్లేదు, కృష్ణమ్మే చూసుకుంటుంది. మా బడి పిల్లల్లో చాలామంది తాతలు ముంపు గ్రామాల నుంచి వచ్చినవాళ్లే.

కథలో అలాంటి గుడి గుండా ముగ్గురు పిల్లలు నీటి అడుగున ఉన్న ఊరికి వెళతారు. ఇళ్లు, అరుగులు, రచ్చబండ, అన్నీ ఉంటాయి, మనుషులే ఉండరు. ఒకప్పుడు ఊళ్లో దండోరా వేసిన ముసలాయన ఒక్కడే మిగిలాడు. ఊరు ఖాళీ చేయాలని చాటించమంటే ఆయనకు చేతులు రాలేదు. అందరూ వెళ్లిపోయినా తను వెళ్లలేదు. ఊరు మళ్లీ నిండాలని వేసవి వేసవికీ డప్పు చప్పుడుతో పిల్లలను పిలుచుకుంటాడు. వాళ్లను కొట్టడు, తిట్టడు, కడుపునిండా పెడతాడు. కానీ ఎవరైనా అక్కడ ఒక రాత్రి నిద్రపోతే, పైన ఇంట్లో వాళ్ల అమ్మ ఆ పూట ఒక కంచం తక్కువ పెడుతుంది. తక్కువ పెట్టానన్న సంగతి ఆమెకే తెలియదు.

కంచం దగ్గరికి వచ్చేసరికి తరగతి నిశ్శబ్దమైపోయింది. తప్పు అని నేను ఎక్కడా అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు. మీ మాంత్రికుడి పని వల్ల ఏ బిడ్డ ఇంట్లో ఏం తగ్గిపోతుందో ఇలా ఒక్క వస్తువుతో చూపించండి. అప్పుడు జాలి ఎంత కలిగినా అది తప్పును కప్పేయదు.

ముగింపు మీద నాకు గట్టి పట్టింపు ఉంది. అతన్ని చంపకండి, పిల్లలు "క్షమించాం" అనగానే మంచివాడైపోయినట్టూ రాయకండి. చేసినదాన్ని అతనే విప్పాలి, అందుకు తనకు ప్రాణమైనది వదులుకోవాలి. నా కథలో వరద నీళ్లు గుడి మెట్లెక్కుతుంటే, ఆనాడు వేయలేని దండోరాను ముసలాయన వేస్తాడు. ఊరు ఖాళీ చేయమని వీధి వీధీ తిరిగి చాటుతాడు. పిల్లలందరినీ పైకి పంపిస్తాడు. ఆయన వాళ్లతో వచ్చాడా లేదా అన్నది నేను చెప్పను. అక్కడ పిల్లలు రెండు జట్లుగా విడిపోయి వాదించుకుంటారు, నాకు ఆ వాదన చాలా ఇష్టం.

మీ కథను ముగింపు ముందు వరకు ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు పైకి చదివి వినిపించి ఆపండి. "ఇప్పుడు అతన్ని ఏం చేయాలి?" అని అడగండి. అందరూ ఒకే జవాబు చెబితే, మాంత్రికుడి కోరికను ఇంకాస్త తిరగరాయాల్సి ఉంటుంది.