బరంపురం ఎండల్లో మస్టాంగ్‌కు ఏ సూపర్‌చార్జర్?

"మాది బరంపురం. 2017 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కారుకి సూపర్‌చార్జర్ పెట్టిద్దామని ఉంది, ఏది మేలు?" అని అడిగారు.

సూపర్‌చార్జర్ అంటే ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పంపు. తప్తపాణి ఘాట్‌లో తక్కువ ఆర్‌పీఎంలోనే బండి లాగాలంటే ట్విన్‌స్క్రూ రకం. ఇది ఇంజిన్ నెత్తిన, ఇన్‌టేక్ మానిఫోల్డ్ స్థానంలో కూర్చుంటుంది. ఇచ్ఛాపురం వైపు హైవేనే ఎక్కువైతే సెంట్రిఫ్యూగల్ రకం చాలు. ఆల్టర్నేటర్‌లాగా ముందు బెల్టు మీద తిరుగుతుంది, బిగింపు తేలిక, ఆర్‌పీఎంతో పాటే బూస్ట్ (లోపలికి నెట్టే గాలి ఒత్తిడి) పెరుగుతుంది. నా ఓటు దీనికే.

అసలు టెన్షన్ వేడితో. గాలిని నొక్కితే కాగుతుంది. మీ 5.0 లీటర్ల వీ8లో కంప్రెషన్ (సిలిండర్లో గాలి, పెట్రోల్‌ను నొక్కే నిష్పత్తి) అసలే ఎక్కువ, 11:1. అందుకే ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ తప్పనిసరి, బూస్ట్ కూడా 6–7 పీఎస్‌ఐ దగ్గర ఆపేయండి. మే నెల ఎండలో మామూలు పెట్రోల్ పోస్తే నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి మండడం) మొదలై పిస్టన్లకే ఎసరు. కిట్‌తో వచ్చే ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్) అమెరికా 93 ఆక్టేన్‌కు (నాకింగ్‌ను పెట్రోల్ తట్టుకునే రేటింగ్) రాసి ఉంటే, అది మన లెక్కలో దాదాపు 98! మీ ఊళ్లో దొరికే పెట్రోల్‌కే ఈసీయూను (ఇంజిన్ కంప్యూటర్‌ను) ట్యూన్ చేయించండి. ఇంజెక్టర్లు, పెట్రోల్ పంపు సరిపోతాయో లేదో కూడా అప్పుడే చూపించండి.

ఇంకోటి: ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చే మార్పులను మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. కిట్ కొనకముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడగండి.