లారీ ఎక్కడ ఆగుతోందో ముందు చూడు

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

గుంటూరులో లారీల రాకపోకల పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. మిర్చి సీజన్ ముంచుకొస్తోంది కాబట్టి, ఆర్ అండ్ బీలో ఏళ్ల తరబడి నలిగినవాడిగా రాస్తున్నాను.

కూడలిలో మనిషిని కూర్చోబెట్టి పోయే బండ్లకు గీతలు గీయించడం అందరూ చేసేదే. చేయించు. ఆరు టైర్ల లారీ, పది టైర్ల లారీ, ట్రాక్టర్ ట్రక్కు, ట్రాలీ ఆటో వేర్వేరుగా రాయించు. ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్యలోనే తీయించు. ఆగస్టు లెక్కతో మిర్చి యార్డు రోడ్డుకు ప్లాను వేస్తే డ్రైవర్లే నవ్వుతారు.

అసలు చిక్కు ఆగే లారీతోనే. రైతుల సరుకు రాత్రిపూట దిగుతుంది. పొద్దున బేరాలు, ఆ తర్వాత కాటా, లోడింగు. అప్పటిదాకా ఖాళీ బండ్లు రోడ్డు మార్జిన్‌లోనే కాచుకుంటాయి. ఒక రాత్రి తోడుగా ఎవరినైనా తీసుకుని, టార్చిలైటు, నోటుపుస్తకంతో యార్డు గేటు నుంచి నడువు. ప్రతి బండి నంబరులో చివరి నాలుగంకెలు, టైము రాసుకో. రెండు గంటలాగి అదే దారిన మళ్లీ రా. అవే నంబర్లు కనిపిస్తే నీకు కావలసింది రోడ్డు వెడల్పు కాదు, పార్కింగు స్థలం. వెడల్పు చేసిన మేరా మళ్లీ లారీలే నిలబడతాయి.

డ్రైవర్లను టీకొట్టు దగ్గర పలకరించు. పక్కన పోలీసు ఉంటే నోరు విప్పరు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయా, ఊరు దాటిపోతున్నాయా అడుగు. ఊళ్లో పనిలేని బండిని బైపాస్ ఎక్కించొచ్చు. పనున్న బండిని ఆపితే సందుల్లో దూరుతుంది.

మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ బండ్లను కట్టడి చేయడానికి, 117వది ఆగే చోట్లు నిర్ణయించడానికి. మనవాళ్లకు మొదటిదాని మీదున్న మక్కువ రెండోదాని మీద లేదు, నో ఎంట్రీ బోర్డు చవక కదా! నో ఎంట్రీ టైము ముగియగానే శివారులో బారులు తీరినవన్నీ ఒక్కసారే ఊరిమీద పడతాయి. ముందు స్థలం చూపించు. అక్కడ నీళ్లు, మరుగుదొడ్డి, కునుకు తీయడానికి నీడ ఉండాలి. అవి లేని చోట ఏ డ్రైవరూ ఆగడు.

ఓవర్‌లోడు సంగతీ మరవకు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు దెబ్బ దాదాపు 16 రెట్లు.

లారీ ఓనర్లను, హమాలీ మేస్త్రీలను, కమీషన్ వ్యాపారులను మీటింగుకు పిలిచేటప్పుడు మాత్రం పొద్దున పెట్టకు. బేరాల వేళ ఒక్కరూ రారు.

మీ బాబాయి