సంఘీభావం తెలపడమా, సంఘీభవించడమా?

సందేహం: అమెరికన్ రచయిత్రి టోనీ మారిసన్ నవల ‘బిలవెడ్’ గురించి వ్యాసం రాశాను. చివర్లో “నల్లజాతి స్త్రీలంతా సేథకు సంఘీభావం తెలిపారు” అన్నాను. అది చదివి మా అక్క “ఇది పేపర్లో వార్తలా ఉందే. వాళ్లేమైనా బయటివాళ్లా?” అంది. మరి ఏ మాట వాడాలి?

సమాధానం: మీ అక్కగారి అభ్యంతరం సరైనదే. అయితే చిక్కు ‘సంఘీభావం’లో లేదు, పక్కనున్న ‘తెలిపారు’తో వచ్చింది.

‘సంఘీ’లోని ఈకారం సంస్కృతంలో ‘చ్వి’ ప్రత్యయం వల్ల వచ్చింది. ముందు అలా లేనిది ఇప్పుడు అలా అయిందని చెప్పడం దాని పని. ఘనం కానిది ఘనమైతే ఘనీభవించింది అంటాం. అలాగే, సంఘంగా లేనివాళ్లు సంఘంగా అవడమే సంఘీభావం. ఇక్కడ ‘భావం’ అంటే మనసులో కలిగే ఫీలింగ్ కాదు, ‘అవడం’. వార్తల్లో మాత్రం, దీక్షా శిబిరానికి వచ్చి మద్దతుగా మాట్లాడి వెళ్లినవాళ్లు ‘సంఘీభావం తెలిపారు’ అని రాస్తారు. ఆ వాడుక స్థిరపడింది, తప్పనను. కానీ అందులో తెలిపేవాళ్లు వేరు, కష్టపడేవాళ్లు వేరు.

‘బిలవెడ్’లో జరిగింది అది కాదు. సేథ బానిసత్వం నుంచి పిల్లలతో తప్పించుకొచ్చిన స్త్రీ. బానిసలను పట్టుకుపోయేవాళ్లు వస్తుంటే, ఆమె ఉంటున్న సిన్సినాటి ఊళ్లోని నల్లవాళ్లెవరూ సేథ ఇంటికి కబురు చెప్పలేదు. ముందురోజు ఆ ఇంట జరిగిన విందు చూసి వాళ్లకు కడుపు మండింది. బిడ్డ మళ్లీ బానిస కాకూడదని సేథ తన చేతులతోనే చంపుకుంది. ఆ తర్వాత 18 ఏళ్లు ఊరివాళ్లు ఆ ఇంటికి దూరంగానే ఉన్నారు. చివరికి చిన్న కూతురు డెన్వర్ ఆకలికి తాళలేక బయటికొచ్చి ఒక టీచరమ్మను పని అడిగింది. అప్పటినుంచి పెరటి చివర చెట్టు మొద్దు మీద ఒకరోజు చిక్కుడు గింజల సంచి, ఇంకోరోజు కుందేలు మాంసం, మరోరోజు గుడ్ల బుట్ట కనిపించాయి. కొన్నిటి మీద పేరు రాసిన చీటీ కూడా ఉండేది. ఆ తర్వాతే 30 మంది ఆడవాళ్లు ఆ ఇంటి ముందుకొచ్చి గొంతు కలిపి పాడారు. విడిపోయినవాళ్లు మళ్లీ ఒక సంఘమయ్యారు. అసలు అర్థంలో సంఘీభావమంటే ఇదే. అందుకే ఆ మాటను వదులుకోవద్దంటాను.

తెలుగులో ఇంకో మంచి మాట ఉంది: చేదోడు వాదోడు. చేయి, తోడు కలిసి చేదోడు. వాయి అంటే నోరు. వాయి, తోడు కలిసి వాదోడు. చెట్టు మొద్దు మీది తిండి చేదోడు, వాకిటి ముందు పాట వాదోడు. ఆ రెండు ఘట్టాలకూ ఇంత చక్కగా అతికే మాట నాకు ఇంకొకటి తట్టలేదు.

ఆలిస్ వాకర్ నవల ‘ది కలర్ పర్పుల్’ (1982)లోనూ ఇలాంటిదే ఉంది. మేయర్ భార్య పనిమనిషిగా రమ్మంటే రానన్నందుకు సోఫియా అనే నల్లజాతి స్త్రీని చావగొట్టి జైల్లో వేస్తారు. ఆమె పిల్లలను పెంచినవాళ్లలో స్క్వీక్ ఒకామె. నిజానికి ఈ ఇద్దరికీ ఒకప్పుడు పడేది కాదు. తర్వాత స్క్వీక్ పాటలు పాడటానికి ఊరు వదిలి వెళ్తుంటే, ఆమె బిడ్డను నేను చూసుకుంటానంటుంది సోఫియా. ఇలాంటి చోట నామవాచకం వెతక్కండి. ‘పిల్లలను పెంచింది’ అంటే చాలు.

అన్నట్టు, ‘నల్లజాతి’ అని రాశారు, బాగుంది. పాత అనువాదాల్లోని ‘నీగ్రో’ ఇప్పుడు అవమానకరం. పాత్ర సంభాషణలో తప్ప, వ్యాసకర్త మాటగా రాయకూడదు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “18 ఏళ్లు మొహం తిప్పుకున్న ఆడవాళ్లే సేథ వాకిటి ముందుకొచ్చి తోడు నిలబడ్డారు.”